రాజలింగు ఇంటి గడప

మా ముత్తాత నర్సింగరావు పన్నెండు ఊళ్లకు దొర. ఆయన కొడుకు కిషన్‌రావు, అంటే మా తాత, ఆ ఊళ్లలో చాలా భాగం చేయి జారిపోయాక కూడా దొరగానే బతికాడు. కమాన్‌పూర్ అవతల ఒక ఊళ్లో మాకు రెండంతస్తుల గడి, అంటే దొరల భవంతి, ఉండేది. ఆ ఊరు ఇప్పుడు లేదు, ఓపెన్‌కాస్ట్ గనిలో కలిసిపోయింది. గడి ఉన్నచోట ఇవాళ మట్టిగుట్ట ఉంది. ఆ రోజుల్లో గడి ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచేవారు. గొప్పకు చెప్పడం లేదు, అలా జరిగేది కాబట్టి చెబుతున్నాను.

గడి అందమంతా దర్వాజలో ఉండేదని చూసినవాళ్లు అంటారు. నిలువెత్తు టేకు చట్రం, జానెడు ఎత్తు గడప, గడప రెండు కొసల్లో చెక్కిన రెండు సింహం తలలు. మా తాత ఆ దర్వాజ ముందు కుర్చీ వేసుకుని దిగిన ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందులో ఎడమ సింహానికి ఒక చెవి ఉండదు. మా మేనత్త పెండ్లినాడు పల్లకీ బొంగు తగిలి విరిగిందట. నాకు ఆరేళ్లప్పుడు, దొరలకు ఎదురు తిరిగిన ఊరి కూలీ సంఘంవాళ్లు ఆ దర్వాజను తగలబెట్టారని, ఆ అవమానం భరించలేక మరుసటి ఏడే మేము ఊరు విడిచామని మా ఇంట్లో చెప్పేవారు. నేనూ నలభై ఏళ్లు అదే చెప్పాను. పెండ్లిళ్లలో చెప్పాను, నా పిల్లలకు చెప్పాను, ఒకసారి రైల్లో పరిచయం లేని మనిషికి కూడా చెప్పాను.

గోదావరిఖనిలో నేను ఇళ్లు బాగుచేసే పని చేస్తాను. ఇప్పుడు దీన్ని రీమోడలింగ్ అంటున్నారు. కొత్త ఇల్లు కట్టడం వేరు, మనుషులు కాపురం ఉండగానే పాత ఇంటిని మార్చడం వేరు. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. బాయి పని చేసి రిటైరైనవాళ్లకు సాధారణంగా మోకాళ్లు పోయి ఉంటాయి. వాళ్లకు కింద కూర్చునే లెట్రిన్ తీసి కమోడ్ పెట్టాలి, మెట్లకు రెయిలింగు వేయాలి, నునుపు బండలు తీసి గరుకు టైల్స్ పరవాలి. ఈ పనిలోకి వచ్చినందుకు నాకు సిగ్గు లేదు. అయితే నా నియమాలు నాకున్నాయి. పని చేసే ఇంట్లో టీ తాగను. బేరం ఆడను. ఎవరినైనా మీరు అనే పిలుస్తాను, అన్నా, కాకా అని వరుసలు కలపను.

నా సంచిలో పదేళ్లుగా తప్పకుండా ఉండే యంత్రం ఆసిలేటింగ్ మల్టీ టూల్. చూడటానికి పిడికిలి లావు గొట్టంలా ఉంటుంది, కొసకు చిన్న బ్లేడు బిగిస్తాం. గ్రైండర్ చక్రంలాగా ఈ బ్లేడు తిరగదు. వెంట్రుకవాసి కుడికి, వెంట్రుకవాసి ఎడమకు, నిమిషానికి వేలసార్లు ఊగుతుంది. అందుకే నా దగ్గర పనిచేసే మేస్త్రీలు దీన్ని వణుకుడు మిషన్ అంటారు. తిరిగే చక్రం మూలలోకి పోదు. ఇది పోతుంది. గోడను ఆనుకుని, నేలను ఆనుకుని, పక్కనున్నదానికి గీత పడకుండా కోస్తుంది. చెక్క మధ్యలో నేరుగా దించి కోయవచ్చు, దాన్ని ప్లంజ్ కట్ అంటారు. కార్బైడ్ బ్లేడు వేస్తే సిమెంటు సందులు కోస్తుంది, స్క్రేపర్ వేస్తే పాత రంగు లేపుతుంది. దీని లోపమల్లా నిదానం. సుత్తీ ఉలీతో గంటలో అయ్యే పనికి ఇది పూట తీసుకుంటుంది. కానీ సుత్తి దెబ్బ గోడంతా తెలుస్తుంది, దీని దెబ్బ తెలియదు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా అదిరి బీటలు వారిన గోడలున్న మా ప్రాంతంలో అది చిన్న విషయం కాదు.

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం ఒకాయన ఫోన్ చేశాడు. మాట కొంచెం ముద్దగా ఉంది. "ఇంట్ల దర్వాజ పని ఉన్నది సారు. మీరే రావాలె. వేరేటోళ్లను పంపద్దు" అన్నాడు.

రైల్వే గేటు అవతల చిన్న ఇల్లు. ఆయన పేరు రాజలింగు, వయసు అరవై దాటింది. ముప్పై ఏళ్లు బాయిలో టింబర్‌మ్యాన్‌గా, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పనిలో ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. వీల్‌చైర్‌లో గడపకు లోపలి పక్క కూర్చుని ఉన్నాడు. గడప ఎత్తుగా ఉంది. దానికీ దర్వాజకూ దట్టంగా ఆకుపచ్చ ఎనామిల్ రంగు. ఎన్నో పూతలు పడి, కింద ఏముందో తెలియకుండా ముద్దలు కట్టింది. ఆ రంగు చూసి నేను ముఖం చిట్లించినట్టు గుర్తు.

"ఏ ఊరు సారు మీది?" అని అడిగాడు.

"గోదావరిఖనే."

"గంతకుముందు?"

"కమాన్‌పూర్ వైపు."

"ఆ" అన్నాడు.

తర్వాత పని సంగతి చెప్పాడు. "పద్నాలుగు నెలలైతుంది సారు, నేను గీ గడప దాటక."

ఆయన భార్య మల్లవ్వ వంట దగ్గర నుంచే అందుకుంది. "అబద్ధం చెప్పకు. మొన్న దవాఖానకు పోలేదా?"

"దాటిచ్చిండ్రు. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు పట్టి, పీనుగును లేపినట్టు లేపి దాటిచ్చిండ్రు. దాటిచ్చుడు వేరే, దాటుడు వేరే. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు అందరు నన్ను గిట్లనే చూస్తున్నరు, లోపట కట్టేసిన బర్రె లెక్క."

ఆయన కోరిక అంతే. తన చేత్తో చక్రం తిప్పుకుంటూ వాకిలి గేటు దాకా పోవాలి. షిఫ్టు బస్సు అక్కడ ఆగుతుంది. తన వెనక చేరినవాళ్లు ఇంకా డ్యూటీకి పోతున్నారు. వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలి.

గడప మీదుగా ర్యాంపు వేయవచ్చా అని కొలిచి చూశాను. జానెడు ఎత్తు ఎక్కి దిగాలంటే లోపలి వాలు మల్లవ్వ పొయ్యి దాకా వస్తుంది. ఒంటిచేత్తో ఆ వాలు ఎక్కడమూ ఆయన వల్ల కాదు. గడప కోయడమే దారి అన్నాను.

"గడప కోస్తరా ఎవరన్న?" అంది మల్లవ్వ. "శుక్రారం శుక్రారం పసుపు రాసిన గడప. లచ్చిమిని కోసుకుంటమా?"

"లచ్చిమి లోపల్నే ఉండనియ్యి. నేను బయటికి పోత" అన్నాడు రాజలింగు.

చాలాసేపు వాదులాట అయ్యాక ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. కోసిన ముక్క చీలకూడదు, దాన్ని దేవుడి పీట కింద పెట్టుకుంటుంది. రాజలింగుదీ ఒక షరతు. దర్వాజ ఇంచు కూడా కదలకూడదు. రెండు షరతులకూ సరిపోయే యంత్రం నా సంచిలో ఉంది. సరేనన్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పని మొదలుపెట్టబోతుంటే రాజలింగు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. ముందుగాల టాప్ చూడాలె."

బాయిలో పైకప్పును టాప్ అంటారు. లోపలికి దిగినవాళ్లు రాడుతో దాన్ని కొట్టి, చప్పుడు విని, గట్టిదో బోలుదో చెబుతారు. ఆయన తన చేతికర్ర ఎత్తి దర్వాజ పైన అడ్డంగా ఉండే పైకమ్మీని ఒకసారి, దానిమీది గోడను ఒకసారి కొట్టాడు. "ఇన్నరా? రెండు ఒక్కటే సప్పుడు. గోడ బరువు మొత్తం దర్వాజ మీదనే ఉన్నది. పైన లింటెల్ లేదు."

దర్వాజ పైన గోడను మోసే సిమెంటు దూలం లింటెల్. అది లేకుండా ఈ కాలంలో ఎవరూ ఇల్లు కట్టరు. ఉంటుందనే ధీమాతో నేను చూడనే లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడినని చెప్పుకునే నేను.

"లింటెల్ లేకుండా ఎలా కట్టారు?"

"ఇరవై ఏండ్ల కింద నేనే కట్టిన. టింబర్‌మ్యాన్‌ను గద. బాయిల ఏం చేస్తం? రెండు కాళ్లు నిలవెడతం, మీద ఒక బారు పెడతం. గంత గుట్ట ఆగుతది. గింత టేకు ఉన్నంక గింత గోడ ఆగదా అనుకున్న. అడుగు మెత్తగుంటె కాళ్ల కింద అడ్డం ఒక మొద్దు పెడతం, కాళ్లు లోపటికి జారకుంట. గా మొద్దే గీ గడప."

గని పనివాడు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. పైగా ఇరవై ఏళ్లుగా నిలబడిన తప్పు. గడప కోసి తీస్తే దర్వాజ కాళ్లు లోపలికి జరుగుతాయి, గోడ దిగుతుంది, లోపల చక్రాల కుర్చీలో ఈయన ఉంటాడు. ఆ రోజు ఆయన కర్ర ఎత్తకపోయి ఉంటే నేను కోసేసేవాడిని.

ఇనుప జాకీలు తెప్పించి, గోడకు రెండు వైపులా అడ్డదూలాలు ఇచ్చి బరువు ఎత్తిపట్టాను. గడప తీశాక నేల కింద ఇనుప చానెల్ వేసి రెండు కాళ్లనూ బిగించాలని నిర్ణయించాను. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. యంత్రం చేతిలోకి తీసుకుంటే రాజలింగు గడియారం చూశాడు.

"ఇంకో అయిదు నిమిషాలు ఆగుండ్రి. బ్లాస్టింగ్ కానియ్యి."

ఆగాం. ధన్ మని దూరంగా చప్పుడు, కాళ్ల కింద చిన్న అదురు, దర్వాజ మీది నుంచి కాస్త సున్నం రాలింది. "ఇగ కొయ్యిండ్రి" అన్నాడు.

దర్వాజ కాళ్లు గడపలోకి ఎలా దిగాయో చూడకుండా కోయకూడదు. స్క్రేపర్ బ్లేడు వేసి ఎడమ కొస దగ్గర రంగు లేపడం మొదలుపెట్టాను. పచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద ఇంకో పచ్చ. దాని కింద చెక్క. చెక్క మీద గీతలు. జూలు అని తెలియడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత కన్ను. తర్వాత నోరు. తర్వాత చెవి ఉండాల్సిన చోట ఎప్పుడో విరిగిన గుర్తు, అరిగి నునుపైన గుర్తు.

యంత్రం ఆపడం మరిచిపోయాను. అది నా చేతిలో అలా వణుకుతూనే ఉంది. మల్లవ్వ "మిషన్ వణుకుతున్నదా, సారు వణుకుతున్నడా?" అని నవ్వింది. అప్పుడు ఆపాను.

రాజలింగు నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఇది ఎక్కడిది?" అన్నాను.

"కొన్నం."

"ఎక్కడ ఎత్తుకొచ్చినవో చెప్పు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది కానీ ఆ గొంతు నాది కాదు. చిన్నప్పుడు గడి అరుగు మీది నుంచి విన్న గొంతు అది.

"మీరు అనుకుంట వచ్చినవు, నువ్వుల దిగినవు" అన్నాడు ఆయన నింపాదిగా. "మంచిగనే ఉన్నది. ఇప్పుడు మాట్లాడుకుందం. మీ నాయన దగ్గర కొన్నం దొరా."

"మా దర్వాజను సంఘంవాళ్లు కాలబెట్టారు."

"కాలిన కట్టె గిట్లుంటదా? నువ్వే చూడు. నీ పనే గద."

అదే చేశాను. కార్బైడ్ బ్లేడు బిగించి గడప కొసకు ఆనుకుని ఉన్న గోడను కొద్దిగా కోశాను. గడప కొసలు దర్వాజ కాళ్లను దాటి గోడలోకి చొచ్చుకుని ఉంటాయి. వాటిని కొమ్ములు అంటాం. దొంగిలించిన చట్రానికీ, గొడవల్లో పీకిన చట్రానికీ కొమ్ములు ఉండవు. గడ్డపారతో పెళ్లగిస్తే విరిగిపోతాయి, లేదా తొందరలో రంపంతో కోసేస్తారు. ఈ కొమ్ము నిండుగా ఉంది. మసి మచ్చ కూడా లేదు. కాలు గడపలోకి దిగే చోట, పక్కపక్కనే రెండు రకాల గుర్తులు ఉన్నాయి. ఏ కాలు ఏ రంధ్రంలోకి పోవాలో మళ్లీ బిగించేటప్పుడు తెలియడానికి వేసే గుర్తులు. ఒకటి సన్నటి ఉలితో, కొలిచి వేసిన మూడు గీతలు. ఇంకొకటి గొడ్డలితో వేసిన మొరటు గాట్లు.

"గాట్లు నావి. మన ఊరు ఓపెన్‌కాస్ట్‌ల పోయినప్పుడు మా పాతింటికెల్లి విప్పుకొచ్చిన" అన్నాడు రాజలింగు. "ఉలి గీతలు మీ గడి వడ్లాయనవి."

నాకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. చేతి నిండా పని తెలిసిన వడ్రంగి, పక్కన నిచ్చెన వేసుకుని, కనీసం రెండు రోజులు తీరికగా విప్పిన దర్వాజ అది. ఇంటివాళ్ల అనుమతి లేకుండా అలా విప్పలేరు. మా నాయన అక్కడే నిలబడి ఉండాలి.

మిగతాది రాజలింగు చెప్పాడు. ఆయన తండ్రి ఓదెలు మా గడికి వెట్టికి నీళ్లు మోసేవాడు. వెనక దొడ్డి తలుపు నుంచి రావాలి, పోవాలి. ముందు దర్వాజ ఏనాడూ దాటలేదు. తర్వాత బాయిలో పని దొరికింది. మా తాత జబ్బుపడి హైదరాబాద్ దవాఖానలో ఉన్నప్పుడు మా నాయనే కబురు పంపాడట, దర్వాజ కొంటావా అని.

"నేను అప్పటికి మీసాలు వచ్చిన పిల్లగాన్ని. బండి ముందట నడిచిన. మా నాయన నవ్వుడు నేను చూసింది గా ఒక్క దినమే" అన్నాడు. "నెల రోజులకు మీ తాత తిరిగొచ్చిండు. దర్వాజ ఏదిరా అన్నడు. మీ నాయన, సంఘపోళ్లు కాలబెట్టిండ్రన్నడు. మీ తాత కేసు పెట్టిండు. అందరికన్న ముందుగాల మా నాయనను తీస్కపోయిండ్రు. పదకొండు దినాలు ఠాణాల కూసోబెట్టిండ్రు."

"దర్వాజ కాలలేదు, ఇదిగో ఉందని చూపిస్తే సరిపోయేది కదా."

"చూపిస్తె దొంగ అంటరు. చేతిల కాయితం లేదాయె. దాస్తె కాలబెట్టినోడు, చూపిస్తె దొంగ. కాలబెట్టినోడే నయమనుకున్నడు మా నాయన. ఇంటికొచ్చి గీ పచ్చరంగు పూసిండు, సింహాలు కనవడకుంట. మీరు ఊరిడిసి పోయినంకనే మా పాతింట్ల నిలవెట్టినం."

"ఊళ్లో ఎవరికీ తెలియదా?"

"ఊరందరికి ఎరుకే. మీ తాతకే ఎరుక లేదు. ఆయనకు ఎవలు చెప్తరు? ఆయన ముందట నిలవడి మాట్లాడినోడు ఉన్నడా?"

ఆ రోజు ఇంకేమీ కోయలేదు. జాకీలు సరిచూసి, సామాను సర్దుకుని ఇంటికి వచ్చాను. సాయంత్రం. మా అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటినా ఆమె కూర్చుంటే వీపు గోడకు ఆనదు.

"అమ్మా, మన గడి దర్వాజ చూశాను" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పిన్రు?" అంది.

ఎక్కడ అని అడగలేదు, ఎలా అని అడగలేదు. కాలిపోయింది కదా అనలేదు. ఎవరు చెప్పిన్రు అంది.

"పైసల అవసరం పడి అమ్మిండు, మామకు చెప్పే ధైర్యం మీ నాయనకు లేకుండె" అంది. "గా వారంల మన గడ్డివాము అంటుకున్నది నిజమే. దానికి దీన్ని కలిపిండు."

"ఓదెలును పట్టుకుపోయారని తెలుసా నీకు?"

"తెలుసు."

"తాత పోయాక అయినా చెప్పొచ్చు కదా. నాకైనా."

"అమ్ముకున్నమంటే తలకాయ ఎక్కడ పెట్టుకోవాలె బిడ్డా? కాలబెట్టిండ్రంటే గౌరవం ఉంటది" అంది. మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

ఆ గౌరవం మీదే నేనూ బతికాను. మా నాయన పోయి చాలా ఏళ్లయింది, ఆయనను అడగడానికి లేదు.

మరునాడు పొద్దున రాజలింగు ఇంటికి పోయి ఒక మాట అడిగాను. దర్వాజ మొత్తం నాకు ఇచ్చేయండి, గడప లేని కొత్త టేకు దర్వాజ నా ఖర్చుతో నిలబెట్టి, పైన లింటెల్ కూడా పోసి ఇస్తాను అన్నాను. పని లెక్కలో చూస్తే అది ఆయనకే లాభం. గోడకూ మంచిది.

"మీ నాయన అమ్మిండు. నేను అమ్మ" అన్నాడు.

"మరి నన్నెందుకు పిలిచారు?"

"మళ్ల మీరుల ఎక్కినవా? దొర మనుమడు ఖనిల ఇండ్లు బాగు చేస్తుండని ఎప్పటిసంది ఎరుకే. గీ గడప కొయ్యాలంటే వడ్లోళ్లు దొరకకనా? నీకు చెప్పకుంట కోస్తె మనసొప్పలె, ఎంతైనా మీ తాతల నాటి గడప. నీ చేతనే కోయిస్తె ఎట్లుంటదో చూడాలని గూడ ఉండె. రెండూ ఉన్నయ్. అబద్ధమెందుకు?"

నేను షూ విప్పబోతున్నాను. పనికి సేఫ్టీ షూ ఉండాలి, అయినా ఎందుకో చెయ్యి వాటి మీదికి పోయింది. ఆయన చూశాడు. "ఉండనియ్యి దొరా. గీ దర్వాజ ముందట ఇప్పుడు ఎవలు విప్పుత లేరు" అన్నాడు. మల్లవ్వ వెనక నుంచి "గాయనకు కాలు మీద మిషన్ పడితె నువ్వు దవాఖానకు మోస్కపోతవా?" అంది ఆయనతో.

కుడి కాలును ఆనుకుని మొదటి కోత దించాను. నూరేళ్లు దాటిన టేకు. బ్లేడు వేడెక్కి పొగ వచ్చింది. నూనె వాసన. రెండు నిమిషాలు కోసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ కోశాను. మొత్తం అయిదు బ్లేడ్లు పోయాయి. మధ్యలో పాత మేకు తగిలితే లోహం కోసే బ్లేడుకు మార్చాను. దర్వాజ కాలికి గీత కూడా పడలేదు. పైన గోడలో ఇసుక రవ్వ రాలలేదు. రాజలింగు కర్ర పట్టుకుని పైకమ్మీని మధ్యమధ్య కొడుతూ విన్నాడు. ఎడమ కొస దగ్గరకు వచ్చేసరికి, చెవి లేని సింహాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కోయాల్సి వచ్చింది. చెయ్యి వణకలేదు. వణికితే ముక్క చీలుతుంది.

మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందే గడప విడిపోయింది, రెండు సింహాలతో సహా, చీలిక లేకుండా. మల్లవ్వ, సాయానికి నా వెంట వచ్చిన మేస్త్రీ కలిసి దాన్ని లోపలికి మోశారు. ఆమె అప్పుడే దానికి పసుపు రాసింది. ఆ ముక్క నాకు ఇస్తారేమోనని ఒక క్షణం ఆశపడ్డానని ఒప్పుకుంటున్నాను. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేల కింద చానెల్ దించి, రెండు కాళ్లకు బోల్టులు బిగించి, పైన సమంగా సిమెంటు చేశాం. జాకీలు మాత్రం వారం పాటు ఉంచాను.

సిమెంటు ఆరాక, జాకీలు తీసిన రోజు పోయాను. రాజలింగు ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, కుడి కాలితో నేలను తంతూ దర్వాజ దాకా వచ్చాడు. దర్వాజ రెండు కాళ్ల మధ్య ఆగి, కర్రతో పైకమ్మీని ఒకసారి కొట్టి విన్నాడు. దాటాడు. వాకిట్లోకి పోయి, గేటు ముట్టుకుని, వెనక్కి తిరిగి మళ్లీ లోపలికి వచ్చాడు. మళ్లీ బయటికి. మళ్లీ లోపలికి.

"పెట్రోలు అయిపోతది, ఇగ ఆపు" అంది మల్లవ్వ. ఆమె కొంగు కళ్ల దగ్గర ఉంది.

"గిది మా నాయన పేరు మీద" అని ఆయన ఇంకోసారి దాటాడు.

గేటు దగ్గర ఆయన పక్కన నిలబడ్డాను. నా వృత్తిలో క్షమాపణ చెప్పిన సందర్భాలు ఉన్నాయి, టైలు పగిలితే, పైపు లీకైతే. ఇది ఎలా చెప్పాలో తెలియలేదు. "రాజలింగన్నా" అన్నాను. నా నోటికి ఆ పిలుపు అలవాటు లేదు. "పదకొండు రోజులు... మా వల్ల."

ఆయన షిఫ్టు బస్సు వచ్చే దారి చూస్తున్నాడు. "నాకేం ఇయ్యద్దు" అన్నాడు. "ఒక్కటే పని చెయ్యి. కాలబెట్టిండ్రని చెప్పుడు బంద్ పెట్టు. చెప్పిన కాడల్లా మళ్ల పొయ్యి, కాలలేదని చెప్పు. మీ నాయన అమ్మిండని చెప్పు, మా నాయన కొన్నడని చెప్పు."

ఆ తర్వాత ఏ పాత ఇంట్లోనైనా ఏదైనా తీసే ముందు, అది దేన్ని మోస్తోందో ఆ ఇంటివాళ్లను అడిగి తెలుసుకుంటున్నాను. లింటెల్ ఉందా అని నా కళ్లతో చూస్తున్నాను. చట్రం కొమ్ములు నిండుగా ఉన్నాయా, విరిగాయా చూస్తే ఆ చట్రం అక్కడికి ఎలా వచ్చిందో తెలుస్తుందని ఈ పని నేర్చుకునేవాళ్లకు చెబుతున్నాను. పెండ్లిళ్లలో చెప్పిన చోట మళ్లీ చెప్పాను. మా పిల్లలకు చెప్పాను. రైల్లో కలిసిన ఆ మనిషి ఎవరో తెలియదు. ఆయన కోసం, ఇంకా నా నోటి నుంచి విన్నవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మా గడి దర్వాజను ఎవరూ కాలబెట్టలేదు. మా తాత దవాఖానలో ఉండగా మా నాయన దాన్ని ఓదెలుకు అమ్మాడు, గడపతో సహా.